రాజుగారి మెడ మీద పులిపిర్లు

జూన్ 3

అక్కా,

ముందు కూర్చో. నిలబడి చదివితే పడిపోతావు. కూర్చున్నావా? సరే, విను. రాజు వేషం నాకిచ్చారు!

నాకేనే! ఇన్నేళ్ళూ సింహాసనం పక్కన బల్లెం పట్టుకు నిలబడి "చిత్తం ప్రభూ" అనడం తప్ప ఇంకో ముక్క ఎరగని నీ తమ్ముడికే. పోయిన ఊళ్ళో పాత రాజుగారికి మూడో అంకం మధ్యలో కళ్ళు తిరిగి సింహాసనం మీంచి జారిపడ్డాడు. జనం అదీ నాటకమే అనుకుని ఒకటే చప్పట్లు. షుగర్ బాగా ఎక్కువైందన్నారు. మర్నాడు పొద్దున్న చూస్తే ఆయన పెట్టె లేదు, మంచం లేదు. మేనేజర్ ఇంటికి పంపేశాడట. ఆ సాయంత్రమే మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి రాజు మాటలు చెప్పించాడు. పక్కన నిలబడి నిలబడి నాకవి కంఠతా వచ్చేశాయి కదా! గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. మేనేజర్ నోరు తెరిచినవాడు మళ్ళీ మూయలేదు. కాలు నేల మీద నిలవడం లేదక్కా. వచ్చే నెల మొదటి వారంలోనే కొత్త ఊళ్ళో మొదటి ఆట.

ఇక అసలు గొడవ. రాజు అంగీ మెడ గుండెల దాకా కోసి ఉంటుంది. దాని మీద బరువైన పూసల హారాలు మూడు. నిన్న కొలతలకి అంగీ వేస్తే రంగుల మావయ్య, అదే, మాకు మేకప్ వేసే పెద్దాయన, అద్దం దగ్గరికి లాక్కెళ్ళి "ఏమిట్రా, రాజుగారి మెడ మీద ఈ జనాభా?" అన్నాడు. పులిపిర్లు! మెడ చుట్టూ మెంతిగింజల్లా వేలాడుతున్నాయి. పేరులో పులి ఉంది గానీ ఒక్కొక్కటీ పిల్లిపాటి చెయ్యదు, పట్టించుకోలేదు ఇన్నాళ్ళూ. ఇప్పుడు హారం వాటికి తగులుకుంటోంది. ఒకటి చిట్లి రక్తం కూడా వచ్చింది. మావయ్య "దారం బిగించి కట్టేస్తాను, వాటంతటవే ఎండి రాలిపోతాయి" అంటున్నాడు.

నువ్వు ఆస్పత్రి చీటీల కౌంటర్లోనే కూర్చుంటావుగా, మీ చర్మం డాక్టరమ్మని ఒక్క మాట అడిగి రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు. ఇక్కడున్న ఒక్క ఫోనూ మేనేజర్ గదిలోనే ఉంది. రాజుగారికి ఫలానా జబ్బట అని ఆయన చెవిన పడిందంటే మళ్ళీ నా చేతికి బల్లెమే.

నీ ప్రభువు
(అలవాటు చేసుకో)

జూన్ 8

ప్రభువులవారికి అక్క దణ్ణాలు. ఈ ఒక్కసారికే సుమా.

ఉత్తరం చదివి కౌంటర్లోనే కెవ్వున అరిచాను. లోపలినుంచి కాంపౌండరు పరిగెత్తుకొచ్చాడు, ఎవరికో ఏదో అయిందని. మీ బావ లెక్కల మాస్టారు కదా, మొహంలో ఏమీ తెలియనివ్వరు. ఆయన కూడా స్కూల్లో పిల్లల దగ్గర "మా బావమరిది రాజు" అని చెప్పుకున్నారట. ఆ వేషంలో ఫొటో పంపకపోతే నీ మొహం చూడను.

ఇక పులిపిర్లు. నవ్వులాట కాదు, జాగ్రత్తగా చదువు. డాక్టరమ్మని మధ్యాహ్నం భోజనం దగ్గర పట్టుకున్నాను. పులిపిరి వల్ల ప్రమాదం ఏమీ లేదంది. చర్మం చర్మంతో రాసుకునే చోట, మెడ మీదా చంకల్లోనూ వస్తుందట, వయసుతో చాలామందికి మామూలేనట. కానీ మెడ చుట్టూ గుంపుగా వచ్చి, అక్కడ చర్మం నల్లబడి మందంగా ఉంటే, ఒళ్ళు కాస్త వచ్చి ఉంటే, ఇంట్లో ఇదివరకు షుగర్ ఉంటే, ఒకసారి రక్తం చూపించుకోవాలట. ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్ సరిగా పని చెయ్యనప్పుడు అవి ఎక్కువగా కనిపిస్తాయట. పులిపిరి ఉన్నవాళ్ళందరికీ షుగర్ ఉన్నట్టు కాదు, వెళ్ళి చూసుకో అని చెప్పే గుర్తు అనుకోమంది.

దారం సంగతి చెబితే తల పట్టుకుంది. చీము పడుతుందట. బజార్లో అమ్మే కాల్చే మందులు కూడా వద్దంది. డాక్టరు దగ్గరైతే చిటికెలో పని. గడ్డకట్టించే చలి మందు తాకించి రాల్చేస్తారు, లేదా కరెంటు సూదితో కాల్చేస్తారు, పెద్దవైతే మొద్దుబారే మందిచ్చి కత్తిరిస్తారు. అయితే ముందు రక్తం పరీక్ష. పరగడుపున ఒకటి, మూడు నెలల సగటు చెప్పేది ఒకటి.

నీకు నాన్న మెడ గుర్తుందా? మనం ఆ పులిపిర్లు పట్టుకు లాగితే "నా ముత్యాలు రా, తెంచకండి" అనేవాడు. అవేమిటో మనింట్లో ఎవరికి తెలుసు? కాలివేలికి దెబ్బ తగిలి అది నల్లబడిపోయాకే కదా షుగరని తెలిసింది. వేలు పోయింది, పాదం పోయింది, ఆఖరికి నాన్నే పోయాడు. మనిద్దర్లో ఎవరికీ ఆ రోజు రాకూడదు. నాకింక వేరే కోరిక లేదు.

తీయించుకునే ముందు నాకు రాయి. సొంత తెలివి వాడకు.

ఈ ఎండలేమిటో, చెంబుడు నీళ్ళు తాగినా నాలిక పిడచకట్టుకుపోతోంది. నువ్వు రిహార్సల్లో గొంతు ఎండబెట్టుకోకు.

అక్క

జూన్ 13

అక్కా,

తీయించేసుకున్నాను! నీకు రాసి జవాబొచ్చేదాకా ఆగడం నా వల్ల కాలేదు. నీ ఉత్తరం అందిన రోజే కుదిరిపోయింది.

రంగుల మావయ్యకి ఒక బావమరిది ఉన్నాడు, ఈ పనిలో చెయ్యి తిరిగినవాడు. ఇంటి వెనక వెలుతురు బాగుందని స్టూలు వేసి కూర్చోబెట్టాడు. "కదలకు, కదిలితే మొత్తం పాడైపోతుంది" అంటూనే ఉన్నాడు. నేను ఊపిరి కూడా బిగబట్టాను. ముందు ఎదురుగా ఉండగా ఒకటి, తర్వాత పక్కకి తిరగమని రెండు. అయ్యేసరికి మెడ పట్టేసిందనుకో! ఇంకా తీస్తానన్నాడు గానీ ఈపూటకి చాల్లే అన్నాను. మావయ్య అద్దం పట్టుకుని పక్కనే నిలబడి "ఇప్పుడొచ్చింది రా రాజు కళ" అని ఒకటే మురిసిపోవడం.

తీసినవి నీకు పంపుతాను. ఇంకా తడిగా ఉన్నాయి, ఆరనీ.

షుగర్ సంగతి తర్వాత రాస్తాను. అవతల రాణిగారు నన్ను నిందించే సీను, పిలుస్తున్నారు.

నీ రాజు

జూన్ 17

ఒరేయ్,

నీకు బుద్ధి ఉందా? నీ ఉత్తరం చదివి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంటి వెనక స్టూలు మీద కూర్చుని తీయించుకుంటావా? నీది మెడా, వంకాయా? ఏమి పెట్టి తీశాడు? కత్తా, బ్లేడా? ముందు దాన్ని ఉడకబెట్టాడా? అసలు ఆ మావయ్య బావమరిది ఎవరు, ఏం చదివాడు? కదిలితే పాడైపోతుందన్నాడంటే ఎంత లోతుగా తీశాడో!

తీసినవి నాకు పంపుతావా! దేనికి, దండ గుచ్చుకోనా? ఆ ముక్క చదవగానే చేతిలో కాగితం జారిపోయింది. మీ బావ తీసుకుని మొత్తం చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివి "మీ వంశం మీద నాకెప్పుడూ అనుమానమే" అన్నారు.

నాకు కాలూ చెయ్యీ ఆడక డాక్టరమ్మ గదిలోకి దూరిపోయాను, లోపల మనిషి ఉన్నా సరే. ఆవిడ ఉత్తరం చూసి "సరే, జరిగిపోయింది. మెడ ఎర్రబడినా, వాచినా, జ్వరం వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళమను. తీసినవి పంపితే పంపనీ, పులిపిర్లో ఇంకేమైనానో పరీక్ష చేయిస్తా" అంది. కాబట్టి శుభ్రమైన సీసాలో వేసి పంపు. ఇలాంటి మాట రాయాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఫోన్ చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. మేనేజర్ ఎత్తుతాడని పెట్టేశాను. నువ్వు జవాబు రాయకపోతే సెలవు పెట్టి వచ్చేస్తాను, మీ నాటకం మధ్యలోకైనా సరే.

అక్షరాలు ఇంత పెద్దవిగా రాశానని నవ్వకు. ఈ మధ్య చిన్నవి అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి, జోడు మార్చాలి. నీ మీద కోపంతో ఇంకా పెద్దవయ్యాయి.

అక్క

జూన్ 21

అక్కోయ్,

నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పి. నీ ఉత్తరం పైకి చదివాను, కంపెనీ అంతా దొర్లింది. సేనాధిపతికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. రంగుల మావయ్య మాత్రం పాపం "నా బావమరిది ఫొటోలు తీస్తాడమ్మా, మెడలు తీయడు అని రాయి" అన్నాడు.

ఫొటోలే తల్లీ! నువ్వే కదా పంపమన్నావు? కెమెరా పెట్టి తీశాడు. బొమ్మలు కడిగి ఆరేశాడు, అందుకే తడి. ఇదిగో ఇందులో పెడుతున్నాను, మీ డాక్టరమ్మకి చూపించు, నేను రాజునో ఇంకేమైనానో పరీక్ష చేయించి చెబుతుంది. పులిపిర్లు నా మెడ మీద క్షేమంగా ఉన్నాయి. పక్కనుంచి తీసిన దాంట్లో లెక్కపెట్టుకోవచ్చు కూడా.

ఇప్పుడు నవ్వు ఆపి రాస్తున్నాను. పరీక్ష చేయించుకోను. పాత రాజుగారికి షుగరని తెలిసింది, తెల్లారేసరికి ఆయన లేడు. నాకూ ఉందని తేలితే? ఇన్నేళ్ళు నోరు మూసుకుని నిలబడ్డాక నాకు నోరొచ్చిందక్కా. అది పోతే నేను బతకను. తెలియకపోతే ఏ గొడవా లేదు. నాటకాలు అయిపోయాక చూద్దాం.

అయినా సరే నువ్వు వదలవని తెలుసు. అయితే మన పాత పద్ధతే. బడికి సూది వేసే నర్సు వచ్చినప్పుడు నేనేం అనేవాణ్ణి? "అక్క ముందు." నువ్వు పెద్ద క్లాసు వదిలేసి వచ్చి, చెయ్యి చాపి, పళ్ళికిలించి, "చూశావా, ఏం లేదు" అంటేనే నా చెయ్యి ఇచ్చేవాణ్ణి. చేదు మందైనా అంతే, నీ నోట్లో చెంచాడు పడ్డాకే నాకు. కాబట్టి నువ్వు ముందు. నువ్వు రక్తం ఇచ్చానని రాయి, ఆ రోజే నేనూ ఇస్తాను. రాజుగా మాట ఇస్తున్నాను. నువ్వివ్వకపోతే నేనివ్వను. అంతే!

మొండి తమ్ముడు

జూన్ 25

రాజశేఖరా,

ఫొటోలు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదట ఏడ్చాను. సింహాసనం మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నావు, అచ్చం నాన్నలా ఉన్నావు. తర్వాత నవ్వాను. మీ బావ ఒకదాన్ని జేబులో పెట్టుకుని బడికి పోయారు. డాక్టరమ్మకి చూపిస్తే "రాజే, అనుమానం లేదు. కానీ మెడ వెనక నలుపు ఉంది, రక్తం చూపించుకోమను" అంది.

వెధవా, ఇంత వయసొచ్చినా "అక్క ముందు" అనేనా? నాకు పరీక్షెందుకురా? గుండ్రాయిలా ఉన్నాను. పొద్దున్నే లేచి ఇంటెడు చాకిరీ చేసి ఆస్పత్రికి వచ్చి సాయంత్రం దాకా కుర్చీలోంచి కదలకుండా చీటీలు రాస్తున్నాను. నాకూ చంకలో రెండు మూడు పులిపిర్లు ఉన్నాయి, ఉంటే ఏం? ఈ వయసులో ఎవరికి లేవు? నాన్న వెంట ఆస్పత్రుల చుట్టూ తిరిగిందాన్ని, ఆ జబ్బు ముఖం నాకు తెలియదా? నా దగ్గరికి వస్తే గుమ్మంలోనే గుర్తుపడతాను.

అయినా సరే, నీ మొండితనానికి నాదీ అదే మందు. సోమవారం పొద్దున్నే పరగడుపున వెళ్ళి ఇచ్చేస్తాను. ల్యాబులో అమ్మాయి "మీరా? మీరే అందర్నీ పంపిస్తారు గానీ మీరెప్పుడూ రాలేదే" అంది. నా తమ్ముడి బెదిరింపు అని చెప్పాను. నువ్వూ సోమవారమే ఇవ్వాలి. తప్పించుకున్నావో, నేనే మేనేజర్‌కి ఫోన్ చేసి నువ్వు చిన్నప్పుడు ఆరో క్లాసు దాకా పక్క తడిపేవాడివని చెబుతాను.

కొత్త చెప్పులు కొరికి మడమ దగ్గర పుండు పడింది, ఎంతకీ మానడం లేదు. అందుకే ల్యాబు దాకా నడవడం కూడా ఒక పని.

అక్క

జూలై 2

అక్కా! అక్కా! అక్కా!

లేదు! నాకు లేదు! సోమవారం ఇచ్చాను, నిన్న వచ్చింది. రిపోర్టు విప్పకుండా రంగుల మావయ్య చేతిలో పెట్టేశాను, ఆయనే తీసి చదివాడు. ఇక్కడి డాక్టరమ్మ "గట్టు మీద ఉన్నావయ్యా, ఇంకా జారలేదు. కాస్త ఒళ్ళు తగ్గించు, నడువు, ఏడాదికోసారి మళ్ళీ చూపించుకో" అంది. గట్టు మీదైతేనేం, గట్టే కదా! గేటు దాటాక రోడ్డు మీదే ఎగిరి గంతేశాను. అటు పోతున్న సైకిలాయన భయపడి దిగిపోయాడు.

అక్కడే పులిపిర్లు కూడా తీసేసింది. ఈసారి నిజంగా తీయించుకున్నాను, ఫొటో కాదు. మొద్దుబారే మందు రాసి కాసేపు కూర్చోబెట్టింది. తర్వాత సన్నటి సూదిలాంటిదానికి కరెంటు పెట్టి టక్కు టక్కుమని ఒక్కొక్కటీ అంటిస్తుంటే వెంట్రుకలు మాడిన వాసన. చీమ కుట్టినట్టుంది, అంతే. లావుగా ఉన్న ఒకదాన్ని మాత్రం మత్తు సూది వేసి చిన్న కత్తెరతో కత్తిరించింది. ఇప్పుడు మెడ నిండా గోధుమరంగు పొక్కులు. అవి రాలేదాకా రంగు పూయకూడదట, గోకకూడదట. అందుకని మావయ్య రాజుకి మెత్తటి కండువా చుట్టి హారాలు దాని మీద వేస్తున్నాడు. మేనేజర్ చూసి "ఈ కొత్త అలంకారం బాగుందే" అన్నాడు! తీసేసినంత మాత్రాన ఒంట్లో సంగతి మారదు, ఒళ్ళు చూసుకోకపోతే మళ్ళీ కొత్తవి రావచ్చని కూడా చెప్పింది.

ఎల్లుండే మొదటి ఆట. ఆకలి లేదు, నిద్ర లేదు, అయినా ఏనుగంత బలంగా ఉంది.

నా రిపోర్టు వచ్చింది, మరి నీకు వచ్చిందా? వెంటనే రాయి.

రాజు, ఏ రోగమూ లేనివాడు

జూలై 3

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం ఈసారి ఒక్కరోజులోనే అందింది. ఎంత సంతోషంగా ఉందో రాయలేను. మీ బావకి ఇచ్చి పైకి చదివించుకున్నాను, రెండోసారి కూడా. నెత్తిన పాలు పోసినట్టుంది రా నాకు.

నాకూ వచ్చింది. కంగారు పడకు.

ఆట బాగా ఆడు. మాటలు తొందరపడకు, చివర్లో గొంతు తగ్గించకు. రాణి నిందించేటప్పుడు నవ్వు మొహం పెట్టకు, నీకా అలవాటుంది. పోస్టు వెళ్ళిపోతుంది, ఉంటాను.

అక్క

జూలై 9

అక్కా,

ఆడేశాను! రాజునై ఆడేశాను!

మొదటి అంకంలోనే ఒక తప్పు చేశాను. ఎవడో భటుడు "చిత్తం ప్రభూ" అనగానే అలవాటుకొద్దీ నేనూ "చిత్తం ప్రభూ" అనేశాను. చచ్చాననుకున్నాను. జనం ఒక్కసారి గొల్లున నవ్వారు. వెంటనే సర్దుకుని "అని నా తండ్రి ముందు నేనూ ఒకప్పుడు అన్నవాణ్ణే" అని ఒక ముక్క కల్పించి వదిలాను. ఏం చప్పట్లు! మేనేజర్ తెర వెనక నుంచి చెయ్యి ఊపాడు, ఆ ముక్క ప్రతిసారీ చెప్పమన్నాడు. మూడో అంకంలో జనం ఏడ్చారు. నిజంగా ఏడ్చారక్కా. తెర పడ్డాక మావయ్య నా మొహం రంగు తుడుస్తూ తన కళ్ళు కూడా అదే గుడ్డతో తుడుచుకున్నాడు, మొహమంతా ఎరుపూ నీలమూ అయింది.

పొక్కులు రాలిపోయాయి. మెడ నున్నగా ఉంది, పదే పదే తడిమి చూసుకుంటున్నాను.

నువ్వేమిటి, నాలుగు ముక్కల ఉత్తరం! నీకూ వచ్చిందని రాశావు, ఎంత వచ్చిందో రాయలేదు. పరీక్షలో నాకంటే తక్కువ మార్కులొస్తే దాచుకునేదానివి, ఆ బుద్ధి పోలేదు. నీకు గుండ్రాయి మార్కులే వచ్చి ఉంటాయి, నా దిష్టి తగులుతుందని చెప్పడం లేదు. అంకె రాయి!

చప్పట్లు కొట్టించుకున్న నీ తమ్ముడు

జూలై 13

నాన్నా,

నీ ఉత్తరం చదువుతుంటే నాటకం చూసినట్టే ఉంది. "చిత్తం ప్రభూ" దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాను. ఇంక దాచను. నువ్వు ఆడే దాకా ఆగుదామనుకున్నాను, ఆడేశావు.

"నాకూ వచ్చింది" అన్నది రిపోర్టు గురించి కాదురా. షుగర్ గురించి.

మూడు నెలల సగటు ఎనిమిదిన్నర. ఆరున్నర దగ్గరే గీత అట, నేను దాటి చాలా దూరం వచ్చేశాను. ల్యాబు అమ్మాయి చీటీ చేతికిచ్చి నా మొహం చూడకుండా అటు తిరిగింది. తప్పు పడిందేమో మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ తీసింది. అదే. నాలిక పిడచకట్టుకుపోవడం ఎండ వల్ల కాదు, అక్షరాలు అలుక్కుపోవడం కళ్ళజోడు వల్ల కాదు, మడమ పుండు మానకపోవడం చెప్పుల వల్ల కాదు. జబ్బు ముఖం గుమ్మంలోనే గుర్తుపడతానని రాశాను కదా! అది ఎప్పుడో లోపలికి వచ్చి, కుర్చీ వేసుకుని కూర్చుని, నాతోబాటు చీటీలు రాస్తోంది.

మడమ చూపించుకోవాలి, కళ్ళ వెనక చూపించుకోవాలి. శుక్రవారం పెద్ద డాక్టరు దగ్గర చీటీ రాసుకున్నాను. మీ బావకి చెప్పాను. ఆయన లెక్కలన్నీ ఆపేసి నా పాదం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. నాకు భయంగా ఉందిరా. నాన్న వేలే కళ్ళ ముందు కనిపిస్తోంది.

నువ్వు రావద్దు. ఆటలు మానకు. నా మీద ఒట్టు.

అక్క

జూలై 17

అక్కా,

నిన్న ఫోన్ చేసి ఒక్క మాట కూడా మాట్లాడలేక పెట్టేసింది నేనే. "ఎవరండీ, ఎవరండీ" అని నువ్వు అంటుంటే ఫోను తీగ వేలికి చుట్టుకుంటూ ఉండిపోయాను. సభ నిండా జనం ముందు మాట్లాడేవాణ్ణి, నీకు హలో అనలేకపోయాను.

మేనేజర్ గదిలోంచే చేశాను. ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. "ఏమిట్రా?" అన్నాడు. ఇంక ఏం దాచాలనిపించలేదు. "మా అక్కకి షుగర్, మా నాన్నకి షుగర్, నేను గట్టు మీద ఉన్నాను, బల్లెం ఇవ్వదలుచుకుంటే ఇప్పుడే ఇచ్చెయ్యండి" అనేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి "బల్లెమేమిటి? పాత రాజుని నేను తీసేశానని ఎవడు చెప్పాడు నీకు? వాళ్ళావిడ వచ్చి వైద్యానికి తీసుకుపోయింది. తగ్గింది, వచ్చే నెల మాంత్రికుడి వేషానికి వస్తున్నాడు. మందు డబ్బా నా బీరువాలోనే పెట్టమన్నాను" అన్నాడు. ఇన్నాళ్ళూ నేను వణికింది దేనికి! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఫోన్ ఎన్నిసార్లయినా చేసుకోమన్నాడు. రెండు రోజులు సెలవు కూడా ఇచ్చాడు, నీ ఒట్టు అడ్డం వచ్చింది గానీ.

అక్కా, నాకు తెలిసింది ఒక్కటే. నేను మొండికెయ్యకపోతే నువ్వు ఆ రక్తం ఇచ్చేదానివే కాదు. నేను నా వేషం పోతుందని ఏడ్చి రాసిన ఉత్తరం అది. దాని వల్ల నీకు ముందే తెలిసింది. సంతోషించాలో ఏం చెయ్యాలో తెలియడం లేదు, రెండూ ఒకేసారి వస్తున్నాయి. శుక్రవారం ఏమన్నారో అదే రోజు రాయి. ఒక్క ముక్క దాచినా ఒట్టు గిట్టు చూడను, కిరీటంతోనే రైలెక్కుతాను.

తమ్ముడు

జూలై 18

ఒరేయ్ తమ్ముడూ!

కళ్ళు బాగున్నాయి! కంటి డాక్టరు లోపలికంటా దీపం వేసి చూసి వెనక ఏమీ దెబ్బతినలేదన్నాడు. అలుక్కుపోవడం షుగర్ ఎక్కువ తక్కువలవల్లేనట, అదుపులోకి వస్తే సర్దుకుంటుందట, అప్పటిదాకా కొత్త జోడు కొనవద్దన్నాడు. మడమ పుండు పైపైనే ఉంది, శుభ్రం చేసి కట్టు కట్టారు, రక్తం బాగానే ఆడుతోందట. పాదాలు సూదితో గుచ్చితే ప్రతి చోటా "అమ్మో" అన్నాను, ప్రతి "అమ్మో"కీ పెద్ద డాక్టరు "శభాష్" అన్నాడు. ఇన్నేళ్ళలో నొప్పెట్టినందుకు నన్ను మెచ్చుకున్నవాడు ఆయనొక్కడే.

ఇంకో ఏడాది ఆగి ఉంటే ఇలా మాట్లాడేవాణ్ణి కాదమ్మా అన్నాడు. ఆ మాట దగ్గర మీ బావ లేచి బయటికి వెళ్ళిపోయారు. తిరిగొచ్చేసరికి మొహం కడుక్కుని ఉన్నారు. రోజూ మాత్రలు, రోజూ నడక, తిండి కొలత. నడకకి మీ బావ తోడు. ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టాం, కట్టు మానేదాకా నెమ్మదిగా. నా పులిపిర్లు తీయించుకోమంటావా? చీమంత అందం కోసం నాకెందుకు, ఉండనీ.

నీకు ఒకటి చెప్పాలి. ఇవాళ కౌంటర్లో నాకు బదులు కొత్తమ్మాయి కూర్చుంది. నేను మొదటిసారి అవతలి పక్క, బల్ల మీద జనంతోబాటు కూర్చున్నాను. ఒళ్ళో రిపోర్టు పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళకి ఏ గది ఎటో చెబుతూనే ఉన్నాను. కొత్తమ్మాయి చీటీ తీసి నా పేరు పిలిచింది. ఎవరా అని నేను కూడా చుట్టూ చూశాను. ఎవరూ లేవడం లేదని విసుక్కున్నాను కూడా. రెండోసారి పిలిచింది. మీ బావ నా చెయ్యి పట్టుకున్నారు.

అప్పుడు లేచాను.

నీ అక్క